నిలువెత్తు గడ్డి, చిన్న ట్రాక్టర్: సరిపోయే కోత యంత్రాన్ని ఎంచుకోవడం ఎలా?

చిన్న ట్రాక్టర్ ఉన్నవాళ్లు గడ్డి కోసే యంత్రం కొనాలనుకోగానే అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఒకటే: "నాది ఇన్ని హెచ్‌పీ, ఎన్ని అడుగుల యంత్రం లాగుతుంది?" దీనికి జవాబు ఉంది, కింద లెక్కతో సహా చెబుతాను. కానీ వరసలో అది మూడో ప్రశ్న. కోసిన గడ్డి ఏం కావాలన్నది మొదటిది. ఆ యంత్రాన్ని వెనక ఎత్తినప్పుడు ముందు చక్రాలకు నేల మీద పట్టు మిగులుతుందా అన్నది రెండోది. 20 నుంచి 50 హెచ్‌పీ లోపు ట్రాక్టర్లలో ఇంజిన్ కంటే ముందు చేతులెత్తేసేది చాలాసార్లు ముందు ఇరుసే. దాన్ని వదిలేసి హెచ్‌పీ మీదే దృష్టి పెడితే లెక్క తప్పుతుంది.

ఇక్కడ ఎత్తు గడ్డి అంటే మోకాలు దాటినది, కాడలు ముదిరినది, అక్కడక్కడా పడిపోయి చుట్టుకుపోయినది. వారం వారం కోసే పచ్చిక సంగతి వేరు.

ముందు తేల్చుకోవాల్సింది: కోసిన గడ్డి ఏం కావాలి?

మేతకో, ఎండుగడ్డికో కావాలంటే కాడ ముక్కలు కాకుండా మొదట్లోనే తెగి, పొడుగ్గా వరుసలో పడాలి. నేల శుభ్రం కావడమే ముఖ్యమైతే ముక్కలైనా పర్వాలేదు, అక్కడే కుళ్లిపోతుంది. చూడ్డానికి కూడా నీటుగా ఉండాలంటే మెత్తగా తరిగి సమంగా పరవాలి. ఈ మూడింటికీ మూడు రకాల యంత్రాలున్నాయి. ఒకదాని పని ఇంకోదానితో చేయించొచ్చు గానీ ఫలితం అంతంతమాత్రమే. స్లాషర్‌తో కొట్టిన గడ్డిని ఎండుగడ్డిగా పోగు చేయబోతే సగం తునకలై నేలలోనే ఉండిపోతుంది.

స్లాషర్, అంటే రోటరీ కట్టర్, అన్నిటికంటే సాధారణమైనది. గేర్‌బాక్స్ కింద ఒక బారో, గుండ్రటి పళ్లెమో తిరుగుతుంది. దాని చివర్లలో బ్లేడ్లు బోల్టు మీద వదులుగా వేలాడతాయి, రాయో మొద్దో తగిలితే వెనక్కి మడుచుకుంటాయి. ఈ బ్లేడ్లకు వంటింటి కత్తి లాంటి పదును ఉండదు, అక్కర్లేదు కూడా. ఇక్కడ కోసేది వేగం. పీటీవో, అంటే ఇంజిన్ పవర్‌ను వెనక యంత్రానికి అందించే ట్రాక్టర్ షాఫ్టు, నిమిషానికి 540 చుట్లు తిరిగి, గేర్‌బాక్స్ దాన్ని ఒకటిన్నర రెట్లు పెంచితే బ్లేడ్లు 810 చుట్లు తిరుగుతాయి. కోత వెడల్పు 1.5 మీటర్లు అయితే బ్లేడు కొన సెకనుకు 63 మీటర్లకు పైగా, అంటే గంటకు దాదాపు 230 కిలోమీటర్ల వేగంతో పోతుంది. ఇంజిన్ ఆయాసపడి చుట్లు తగ్గాయంటే గడ్డి తెగడం మానేసి వంగుతుంది, యంత్రం దాటాక మళ్లీ లేచి నిలబడుతుంది. మొండి బ్లేడ్ల వల్లే ఇలా అవుతోందనుకుని చాలామంది వాటిని నూరుతూ కూర్చుంటారు. అసలు లోపం చుట్లలోనే ఉంటుంది.

ఫ్లెయిల్ మోవర్‌లో ఒక రోటర్ అడ్డంగా పడుకుని తిరుగుతుంది. దానికి పదుల కొద్దీ చిన్న బ్లేడ్లు వేలాడుతుంటాయి. వై ఆకారం బ్లేడ్లు గడ్డికి, సుత్తి ఆకారం బ్లేడ్లు గట్టి కాడలకు, పొదలకు. తునకలు చిన్నవిగా వస్తాయి, రాళ్లు దూరం ఎగరడమూ తక్కువ. చిన్న ట్రాక్టర్‌కు దీనితో ఇంకో లాభం ఉంది. యంత్రం పొట్టిగా ట్రాక్టర్‌కు దగ్గరగా ఉంటుంది కాబట్టి వెనక్కి లాగే బరువు తక్కువ. అయితే అదే వెడల్పు స్లాషర్ కంటే ఎక్కువ పవర్ తింటుంది, నెమ్మదిగా నడపాలి. పొడుగు కాడలు రోటర్ చివర బేరింగుల దగ్గర చుట్టుకుంటాయి, మధ్య మధ్యలో ఆపి కోసి తీయాలి.

మేత కోసమైతే, నిటారుగా నిలబడ్డ పొడి గడ్డిలో సికిల్ బార్‌ను మించింది లేదు. త్రికోణపు బ్లేడ్ల వరుస కత్తెరలా అటూ ఇటూ ఆడుతుంది. పవర్ అతి తక్కువ తీసుకుంటుంది, బరువూ తక్కువే, కాబట్టి చిన్న ట్రాక్టర్‌కు బాగా కుదురుతుంది. పడిపోయిన గడ్డి, తడి గడ్డి, చీమల పుట్టలు దీనికి గిట్టవు. నిమిషానికోసారి దిగి శుభ్రం చేయాల్సి వస్తుంది.

గడ్డి పడిపోయి చాపలా అల్లుకుపోతే డ్రమ్ మోవర్. పెద్ద డ్రమ్ములు ఎదురెదురుగా తిరుగుతూ, కింది బ్లేడ్లతో కోసి, గడ్డిని మధ్యలో వరుసగా వదులుతాయి. కట్టు సాదాగా ఉంటుంది, మొండిగా పనిచేస్తుంది. బరువే దీని సమస్య: కోత వెడల్పు ఒకటిన్నర మీటర్లు కూడా లేని యంత్రమే 300 కిలోలకు అటూ ఇటూ తూగుతుంది, పైగా ఆ బరువంతా ఒక పక్కకు వేలాడుతుంది. డిస్క్ మోవర్ ఇంకా వేగంగా కోస్తుంది. అది ఈ తరగతిలో పెద్ద ట్రాక్టర్లకే సరి.

పచ్చిక కోసే ఫినిష్ మోవర్, ట్రాక్టర్ పొట్ట కింద బిగించే మోవర్ ఈ పనికి రావు. వాటి బ్లేడ్లు పల్చన, బెల్టు మీద తిరుగుతాయి, కోసినది బయటికి పోయే దారి ఇరుకు. నడుము లోతు గడ్డిలోకి దించితే ముందు బెల్టు జారుతుంది, తర్వాత కాలుతుంది.

నేల శుభ్రం చేయడానికే అయితే నా ఓటు స్లాషర్‌కే. రాళ్లు, మొద్దులు ఎక్కడున్నాయో తెలియని నేలలో మొదటి కోత మరే యంత్రంతోనూ వేయబుద్ధి కాదు.

ట్రాక్టర్ మాన్యువల్ నుంచి రాసుకోవాల్సినవి

ఇంజిన్ హెచ్‌పీ ట్రాక్టర్ మీద పెద్దక్షరాలతో ఉంటుంది గానీ మనకు కావాల్సింది పీటీవో హెచ్‌పీ. గేర్ల ట్రాక్టర్‌లో అది ఇంజిన్ పవర్‌లో సుమారు 80 నుంచి 88 శాతం. పెడల్‌తో నడిచే హైడ్రోస్టాటిక్ అయితే ఇంకాస్త తగ్గుతుంది.

పీటీవో చుట్లు చూడండి. వెనక 540 మామూలు, షాఫ్టుకు 6 పళ్లు, వ్యాసం 35 మిల్లీమీటర్లు. కొన్ని చిన్న ట్రాక్టర్లకు పొట్ట కింద మరో పీటీవో ఉంటుంది, అది 2000 చుట్ల దగ్గర తిరుగుతుంది. వెనక తగిలించే యంత్రాలకు దానితో పని లేదు. 540 ఈ అనే ఎకానమీ సెట్టింగ్ ఉంటే అది తేలిక పనికే. తక్కువ ఇంజిన్ వేగంతో అవే చుట్లు ఇస్తుంది కాబట్టి, దట్టమైన గడ్డి తగలగానే ఇంజిన్ కూర్చుంటుంది.

వెనక లింకేజీ, అంటే యంత్రాన్ని తగిలించి ఎత్తే రెండు కింది చేతులు, ఒక పై చెయ్యి (టాప్ లింక్), దాని కేటగిరీ కూడా కలవాలి. కేటగిరీ 1లో కింది లింకుల పిన్ను 22 మిల్లీమీటర్లు, టాప్ లింక్ పిన్ను 19. బాగా చిన్న ట్రాక్టర్లలో ఇంతకంటే సన్నని కేటగిరీ 0 ఉంటుంది, దానికి కేటగిరీ 1 యంత్రం నేరుగా ఎక్కదు.

వీటితో పాటు ట్రాక్టర్ సొంత బరువు, ముందు ఇరుసు మీద పడే బరువు, ముందు వెనక ఇరుసుల మధ్య దూరం, వెనక టైర్ల బయటి అంచుల మధ్య వెడల్పు, లిఫ్ట్ సామర్థ్యం రాసుకోండి. లిఫ్ట్ అంకె దగ్గర జాగ్రత్త. లింకుల చివర ఎత్తగలిగే బరువు ఒకటి, వాటికి 610 మిల్లీమీటర్ల వెనక ఎత్తగలిగేది మరొకటి. రెండోది చిన్నది, మనకు పనికొచ్చేది అదే. కోత యంత్రాల బరువు కేంద్రం తరచూ ఆ 610 కంటే కూడా వెనకే ఉంటుంది. అందుకే యంత్రం బరువు ఆ అంకెలో మూడింట రెండు వంతులు దాటితే నేను దాన్ని పక్కన పెట్టేస్తాను.

బరువు లెక్క

వెనక ఇరుసు చుట్టూ ట్రాక్టర్ ఒక తూగుబల్ల. వెనక ఎంత దూరంలో ఎంత బరువు వేలాడితే ముందు అంత తేలుతుంది. సూత్రం చిన్నదే: యంత్రం బరువును, వెనక ఇరుసు నుంచి ఆ యంత్రం బరువు కేంద్రానికి ఉన్న దూరంతో గుణించి, ఇరుసుల మధ్య దూరంతో భాగించండి. ముందు ఇరుసు మీద తగ్గే బరువు అదే.

ఉదాహరణకు 30 హెచ్‌పీ ట్రాక్టర్, బరువు 1000 కిలోలు, అందులో 400 ముందు ఇరుసు మీద, ఇరుసుల మధ్య 1.6 మీటర్లు అనుకుందాం. 5 అడుగుల స్లాషర్ 250 కిలోలు, దాని బరువు కేంద్రం వెనక ఇరుసుకు 1.8 మీటర్ల దూరంలో. 250ని 1.8తో గుణించి 1.6తో భాగిస్తే 281. అంటే ముందు ఇరుసు మీద మిగిలేది 119 కిలోలు. స్టీరింగ్ పట్టుండాలంటే ట్రాక్టర్ సొంత బరువులో కనీసం 20 శాతం, ఇక్కడ 200 కిలోలు, ముందు ఉండాలన్నది మాన్యువళ్లలో కనిపించే నియమం. 81 కిలోలు తక్కువ పడ్డాయి. ముందు ఇరుసుకు 40 సెంటీమీటర్ల ముందు వెయిట్లు బిగిస్తే ఒక్కో కిలో 1.25 కిలోల పని చేస్తుంది కాబట్టి 65 కిలోల వెయిట్లు కావాలి.

అదే ట్రాక్టర్‌కు 4 అడుగుల స్లాషర్ పెట్టి చూడండి. బరువు 190 కిలోలు, దూరం 1.65 మీటర్లు అనుకుంటే ముందు తేలేది 196, మిగిలేది 204. వెయిట్లు లేకుండానే గట్టెక్కింది, అంచు మీద. చదును నేల మీద ఇది చాలు. మెట్ట ఎక్కాల్సి ఉంటే, గుంతలుంటే 4 అడుగులకైనా వెయిట్లు వేసుకోవాల్సిందే. ముందు లోడర్ బిగించి ఉంటే అది వెయిట్‌లా పనికొస్తుంది, కాకపోతే బకెట్ ఎదురుగా ఉన్న గడ్డిని కనపడనివ్వదు.

యంత్రం బరువు కేంద్రం ఎక్కడుందో ఎవరూ రాసి ఇవ్వరు. స్లాషర్‌కు గేర్‌బాక్స్ కంటే కొంచెం వెనక అని పట్టుకుంటే లెక్క పెద్దగా తప్పదు.

ఇప్పుడు హెచ్‌పీ, వెడల్పు

స్లాషర్‌కు ఒక్కో అడుగు వెడల్పుకు 5 పీటీవో హెచ్‌పీ. ఫ్లెయిల్‌కు 5 నుంచి 7. సికిల్ బార్‌కు 2 చాలు. డ్రమ్ మోవర్ స్లాషర్‌కు దగ్గర్లోనే ఉంటుంది. మన 30 హెచ్‌పీ ట్రాక్టర్‌కు పీటీవో దగ్గర 24 అందుతుందనుకుంటే స్లాషర్‌కు 4.8 అడుగులు వస్తుంది. ఇలా మధ్యలో వచ్చినప్పుడు కిందికే దిగండి, 4 అడుగులు తీసుకోండి. బరువు లెక్కలో గెలిచింది కూడా అదే కదా. గడ్డి పల్చగా ఉన్న రోజు 5 అడుగులది లాగుతుంది, అందుకే చాలామంది అది కొంటారు. దట్టంగా ఉన్న చోట సగం వెడల్పే కోస్తూ, పెద్ద యంత్రం బరువు పూర్తిగా మోస్తూ తిరుగుతారు.

వెడల్పు మరీ తగ్గినా ఇబ్బందే. వెనక టైర్ల బయటి అంచుల వరకూ కోత అందాలి. లేకపోతే టైరు తొక్కిన గడ్డి కోతకు దొరకదు, రెండు రోజుల్లో లేచి గీతల్లా కనిపిస్తుంది. టైర్లను లోపలికి జరిపి వెడల్పు తగ్గిద్దామనుకోకండి, పక్కకు దొర్లే ప్రమాదం పెరుగుతుంది. యంత్రాన్ని కాస్త పక్కకు జరిపి బిగించే వీలుంటే ఒక పక్క టైరు జాడైనా కోతలోకి వస్తుంది, ఆ పక్కనే గట్టు వెంట పోనిస్తే సరి.

పీటీవో షాఫ్ట్: తొందర పడకూడని చోటు

ట్రాక్టర్ పీటీవోను యంత్రంతో కలిపే కొత్త షాఫ్ట్ దాదాపు ఎప్పుడూ పొడుగ్గానే వస్తుంది. కోయకుండా తగిలిస్తే, యంత్రాన్ని ఎత్తినప్పుడు గొట్టాలు ఒకదాన్నొకటి నెట్టుకుని గేర్‌బాక్స్‌నో, ట్రాక్టర్ పీటీవో బేరింగునో పగలగొడతాయి. ఇంజిన్ ఆపి, షాఫ్ట్ రెండు ముక్కలుగా లాగి, ఒక ముక్క ట్రాక్టర్‌కు, ఒక ముక్క యంత్రానికి తగిలించి పక్కపక్కన పట్టుకోండి. యంత్రాన్ని పైకీ కిందికీ జరుపుతూ రెండింటి మధ్య దూరం ఎక్కడ అతి తక్కువో చూడండి. అక్కడ షాఫ్ట్ ఇంకా 25 మిల్లీమీటర్లు ముడుచుకునే ఖాళీ ఉండాలి. దూరం ఎక్కువైన చోట ఒక గొట్టం ఇంకోదానిలో కనీసం మూడో వంతు దిగి ఉండాలి. కోసేటప్పుడు లోపలి గొట్టం, బయటి గొట్టం, రెండు ప్లాస్టిక్ కవర్లు, అన్నీ ఒకే కొలత కోయాలి. అంచులు ఆకురాయితో నునుపు చేసి, గ్రీజు రాసి ఎక్కించండి.

షాఫ్ట్ రెండు చివర్ల ఫోర్కులు ఒకే గీతలో ఉండాలి. తేడాగా ఎక్కిస్తే యంత్రం మొత్తం వణుకుతుంది, జనం గేర్‌బాక్స్‌ను తిట్టుకుంటారు.

షాఫ్ట్‌లో రక్షణ ఏముందో చూడండి. షియర్ బోల్ట్ అయితే మెత్తటి గ్రేడుదే వేయాలి, అది తెగడమే దాని పని. పదే పదే తెగుతోందని గట్టి బోల్టు వేస్తే తర్వాత తెగేది గేర్‌బాక్స్ పళ్లు. మొద్దులు, రాళ్లు ఎక్కువుంటే, లోడు మించినప్పుడు ప్లేట్లు జారే స్లిప్ క్లచ్ మేలు. కానీ చాన్నాళ్లు ఊరికే ఉంటే దాని ప్లేట్లు తుప్పుతో అతుక్కుంటాయి, అప్పుడు అది క్లచ్ కాదు, ఇనుప దిమ్మ. సీజన్ మొదట్లో స్ప్రింగ్ నట్ల స్థానం గుర్తు పెట్టుకుని వదులు చేసి, పీటీవోను 2, 3 సెకన్లు తిప్పి ప్లేట్లు జారనిచ్చి, ఇంజిన్ ఆపి మళ్లీ అదే గుర్తుకు బిగించాలి.

పాత ట్రాక్టర్ అయితే ఇంకొకటి అడగాలి: క్లచ్ తొక్కితే పీటీవో ట్రాక్టర్‌తో పాటే విడిపోతుందా? అలాంటి దానిలో మీరు క్లచ్ తొక్కినా, తిరుగుతున్న బరువైన బ్లేడ్లు గేర్‌బాక్స్ గుండా చక్రాలను తోస్తాయి, ట్రాక్టర్ ఆగకుండా ముందుకే పోతుంది. ఒకే వైపు పవర్ పోనిచ్చే ఓవర్‌రన్నింగ్ క్లచ్ పెడితే ఇది ఆగుతుంది. అది పెడితే షాఫ్ట్ వెనక్కి జరుగుతుంది కాబట్టి పొడవు మళ్లీ కొలవాలి.

540 చుట్లంటే సెకనుకు 9. చొక్కా అంచు చిక్కుకుంటే చెయ్యి వెనక్కి లాక్కునే టైమ్ ఉండదు. పగిలిన కవర్‌తో షాఫ్ట్ తిప్పకండి, తిరుగుతుండగా దాని మీద నుంచి దాటకండి.

బిగించాక, దించే ముందు

యంత్రాన్ని చదును నేల మీద దించి అడ్డంగా లెవల్ చూడండి. తేడా ఉంటే కింది లింకును ఎత్తే లిఫ్ట్ రాడ్ తిప్పి సరిచేయాలి. తర్వాత టాప్ లింక్‌తో ముందు అంచు వెనక దానికంటే 12 నుంచి 25 మిల్లీమీటర్లు కిందికి ఉండేలా పెట్టండి. వెనక అంచు కిందికుంటే కోసిన గడ్డి బయటికి పోలేక మళ్లీ మళ్లీ బ్లేడ్ల కింద నలుగుతుంది, పవర్ అంతా దానికే పోతుంది. స్లాషర్‌కు వెనక చక్రం ఉంటే పై జాయింటు వదులుగా ఆడాలి, లేదంటే ట్రాక్టర్ గుంతలో దిగినప్పుడల్లా యంత్రం నేలను దున్నుతుంది. పక్కలకు ఊగకుండా చెయిన్లు బిగించండి.

గేర్‌బాక్స్ ఆయిల్, బ్లేడు బోల్టులు, ముందూ వెనకా రాళ్లు ఆపే చెయిన్లు చూసుకోండి. బ్లేడ్లు మారిస్తే జతగా మార్చండి, ఒకటి కొత్తది ఒకటి అరిగినది పెడితే వణుకు గేర్‌బాక్స్ సీలును తినేస్తుంది.

కోత

గడ్డిలో కాలినడకన తిరిగి రాళ్లు, తీగలు, మొద్దులు, గుంతలు వెతికి, పొడుగు కర్రలు పాతి గుర్తు పెట్టండి. స్లాషర్ కింద నుంచి రాయి లేస్తే దాదాపు 90 మీటర్లు పోగలదు, ఆ దూరంలో మనుషులు, పశువులు ఉండకూడదు. మంచు ఆరాకే మొదలుపెట్టండి.

పీటీవోను తక్కువ వేగంలో కలిపి, మెల్లగా 540 గుర్తు దాకా పెంచండి, ఆ తర్వాత యాక్సిలరేటర్ ముట్టుకోవద్దు. వేగం మార్చాలంటే గేరుతోనో పెడల్‌తోనో మార్చాలి. మొదటి కోత 20 నుంచి 25 సెంటీమీటర్ల ఎత్తులో, నడక వేగంతో. దట్టంగా ఉంటే సగం వెడల్పే తీసుకోండి. ఇంజిన్ శబ్దం దిగుతుంటే ట్రాక్టర్ నెమ్మదించాలన్నమాట. రెండో కోత కిందికి దించి, మొదటి దానికి ఎదురు దిశలో వేస్తే చక్రాలు తొక్కిన కాడలూ తెగుతాయి. పొలం మధ్య నుంచి అంచులకు కోసుకుంటూ వస్తే గడ్డిలో దాగిన జంతువులకు పారిపోయే దారి ఉంటుంది.

వాలు మీద పైకీ కిందికీ నడపాలి, అడ్డంగా వద్దు. ట్రాక్టర్ దొర్లితే కాపాడే రోల్ బార్ నిలబెట్టి సీటు బెల్టు పెట్టుకోండి. మలుపులో యంత్రాన్ని పూర్తిగా ఎత్తేముందు పీటీవో ఆపండి, ఎక్కువ కోణంలో షాఫ్ట్ తిరిగితే దాని జాయింట్లలోని క్రాస్‌లు విరుగుతాయి.

ఎత్తు గడ్డిలో ఎక్కువగా మరిచిపోయేది రేడియేటర్. గడ్డి పూలు, విత్తులు జాలికి దట్టంగా అతుక్కుంటాయి, గాలి ఆడదు. టెంపరేచర్ ముల్లు కదలడం మొదలైతే అప్పటికే ఆలస్యం, అరగంటకోసారి ఇంజిన్ ఆపి జాలి దులపండి. అలా ఆగినప్పుడే పొట్ట కింద కూడా చూడండి: చిన్న ట్రాక్టర్లు నేలకు దగ్గరగా ఉంటాయి కాబట్టి ముదిరిన కాడలు వైర్లను, పైపులను పట్టుకుని లాగుతాయి. సైలెన్సర్ చుట్టూ, పీటీవో కవర్ లోపల పేరుకున్న ఎండు గడ్డిని తీసేయండి, నిప్పు అంటుకునేది అక్కడే. యంత్రం కిందికి చెయ్యి పెట్టాల్సి వస్తే ఇంజిన్ ఆపి, తాళం తీసి, బ్లేడ్లు పూర్తిగా ఆగేదాకా ఆగి, కింద గట్టి దిమ్మలు పెట్టాకే. హైడ్రాలిక్ మీద ఎత్తి ఉంచిన యంత్రం కిందికి తల దూర్చకండి.

పని అయ్యాక డెక్, అంటే బ్లేడ్లను కప్పే రేకు, కింద అతుక్కున్న గడ్డిని అదే రోజు గీకేయండి. ఆరితే సిమెంటులా పట్టేసి, కింది రేకును తుప్పుతో తినేస్తుంది. క్రాస్‌లకు ప్రతి 8 గంటల పనికోసారి గ్రీజు కొట్టండి, బ్లేడు బోల్టులు మొదటి రోజు పని తర్వాత మళ్లీ ఒకసారి బిగించండి.